ఇరవై నాలుగు గంటలా? అదీ ఒక ఓర్పేనా!

ఫ్రాన్స్‌లోని లె మాన్ కార్ల పందేన్ని ఓర్పుకు పరాకాష్ఠ అని లోకం పొగుడుతుంది. ఏమిటా ఓర్పు? ఒక మధ్యాహ్నం మొదలై మర్నాటి మధ్యాహ్నానికి ముగిసిపోతుంది. 1966లో ఫోర్డ్ జీటీ40 గెలిచినప్పుడు ఒక్కో కారు నడపడానికి ఇద్దరేసి డ్రైవర్లు, విప్పి బిగించడానికి మందలకొద్దీ మెకానిక్‌లు, డబ్బివ్వడానికి సాక్షాత్తూ హెన్రీ ఫోర్డ్ మనవడు. ఇన్ని వసతుల మధ్య ఎవడైనా ఓర్చుకుంటాడు. అదే కారుకు ఇంటి షెడ్డులో నకలు కట్టేవాడి సంగతి చూడండి. డ్రైవరూ వాడే, మెకానిక్కూ వాడే, హెన్రీ ఫోర్డూ వాడే. పందెం ఇన్ని గంటలని ఎవరూ చెప్పలేరు. గోడమీద క్యాలెండర్లు మారుతుంటాయంతే. కనుక ఆ పందేన్ని నడిపే ఆటోమొబైల్ క్లబ్ ద లూయెస్ట్ వారు ఇకనైనా మేలుకొని, షెడ్డును కూడా ఒక తరగతిగా గుర్తించాలని సవినయంగా డిమాండ్ చేస్తున్నాం.

ఫోర్డ్ వారికి ఓర్పు లేదనడానికి చరిత్రే సాక్ష్యం. 1963 మేలో ఫెరారీ కంపెనీని కొనే బేరం చెడింది. 1964 ఏప్రిల్‌కల్లా, ఎత్తు 40 అంగుళాలకు అటూఇటూగా ఉన్న ఈ జీటీ40 న్యూయార్క్‌లో ప్రదర్శనకు వచ్చేసింది. ఏడాది కూడా పట్టలేదు! అంత వ్యవధిలో షెడ్డు మనిషికి కిట్‌తో వచ్చిన పార్టుల జాబితా సరిచూసుకోవడం కూడా తెమలదు. తొందరపాటుకు ఫలితం దక్కింది. ఆ ఏడు లె మాన్‌కు మూడు జీటీ40లు వెళ్తే మూడూ మధ్యలోనే ఆగిపోయాయి. మరుసటేడు వెళ్లినవాటిలోనూ ఒక్కటీ చివరిదాకా రాలేదు. 1966 నుంచి 1969 దాకా వరసగా కొట్టిన నాలుగు గెలుపులే జనానికి గుర్తున్నాయి. నకళ్లు మాత్రం రోడ్డెక్కిన కొత్తలో 1964, 65 చరిత్రకు నూటికి నూరుపాళ్లు కట్టుబడి ఉంటాయి. నిజాయితీ అంటే అది.

తరగతి అన్నాక నిబంధనలుండాలి. మొదటి గండం గేర్‌బాక్స్. అసలు కారులో ఉన్నది ఐదు గేర్ల జెడ్‌ఎఫ్ 5డీఎస్-25. దాని ధర విన్నవాడు మరో పెట్టె వెతుక్కుంటాడు, పోర్షే 911 నుంచి వచ్చిన జీ50 కంటపడుతుంది. అయితే 911లో ఇంజిన్ వెనక ఇరుసుకు వెనకాల ఉంటుంది, జీటీ40లో ముందు ఉంటుంది. ఉన్నదున్నట్టు బిగిస్తే వెనక్కి వెళ్లడానికి ఐదు గేర్లు, ముందుకు వెళ్లడానికి ఒకటి దొరుకుతాయి. లోపలి పెద్ద పళ్లచక్రాన్ని (క్రౌన్ వీల్), దాన్ని తిప్పే చిన్న పళ్లచక్రానికి (పినియన్) అవతలి పక్కకు మార్చాలి, లేదంటే పెట్టెనే తలకిందులు చేసి బిగించాలి. తలకిందులు చేస్తే ఆయిల్ దారులు, ఊపిరి గొట్టం, నింపే రంధ్రం అన్నీ మళ్లీ చూసుకోవాలి. ఇంజిన్ ఇరుసుకు ముందుండే రెనో 25 పెట్టెకు, ఆడీ పెట్టెకు ఈ బాధ లేదు. కానీ యూఎన్1 అనే ఆ రెనో పెట్టె చేతికి బలిసిన ఎనిమిది సిలిండర్ల వీ8 ఇంజిన్‌నిస్తే పళ్లు రాలతాయి.

పెట్టె ఏదైనా దానికీ ఇంజిన్‌కూ మధ్యలో అడాప్టర్ ప్లేటు తప్పదు. ఇంజిన్ క్రాంక్‌కు డయల్ గేజ్ బిగించి, బెల్‌హౌసింగ్ (క్లచ్‌ను కప్పే డిప్ప) రంధ్రం దానితో కేంద్రం కలిసిందో లేదో తిప్పి చూడాలి. గేజ్ ముల్లు మొత్తం కదలిక 0.005 అంగుళం లోపు ఉండాలి. దాటితే ఆఫ్‌సెట్ డోవెల్ పిన్నులు వేసి సరిచేయాలి. ఈ పని ఎగ్గొట్టినవారికి క్లచ్ పూర్తిగా వదలదు, ఇన్‌పుట్ షాఫ్ట్ బేరింగ్ సన్నగా ఏడుస్తుంది. ఆ ఏడుపు ఆపడానికి ఇంజిన్ మొత్తం మళ్లీ దించాలి.

ఇక ఎగ్జాస్టు. ఈ కారును ప్రేమించేవాళ్లంతా మొదట ప్రేమించింది వెనక చుట్టుకుని పడుకున్న ఆ పాముల పుట్టనే. అది అలంకారం కాదు. ఈ కారులోని ఫోర్డ్ 289 ఇంజిన్‌లో సిలిండర్లు మండే వరస 1-5-4-2-6-3-7-8. ఫోర్డ్ లెక్కలో కుడి వరసకు 1 నుంచి 4, ఎడమకు 5 నుంచి 8. వేలు పెట్టి లెక్కించండి: 4 తర్వాత వెంటనే 2, రెండూ కుడివే, 7 తర్వాత వెంటనే 8, రెండూ ఎడమవే. ఒకే వరసలో వెంటవెంటనే వచ్చిన పొగ ఒకే గొట్టంలో తోసుకుంటుంది. అందుకని కుడివైపు చివరలవైన 1, 4ను ఎడమ నడిమివైన 6, 7తో ఒక కలెక్టరులో (గొట్టాలు ఒకటయ్యే చోట) కలుపుతారు. కుడి నడిమివైన 2, 3ను ఎడమ చివరలవైన 5, 8తో మరోదానిలో. అప్పుడు ప్రతి కలెక్టరుకు క్రాంక్ 180 డిగ్రీలు తిరిగినప్పుడల్లా ఒక్క దెబ్బ, సమానంగా. 351 విండ్సర్ ఇంజిన్ పెట్టుకున్నవారి వరస 1-3-7-2-6-5-4-8; అయినా జట్లు మారవు. ఈ కారులో ఇంత దయ ఇంకెక్కడా కనపడదు.

దయ అక్కడితో సరి. గొట్టాలను ఇంజిన్ స్టాండు మీద కాదు, చట్రంలో, గేర్‌బాక్స్ బిగించి, వెనక బాడీ మూసి చూసుకుంటూ ట్యాక్ వెల్డింగు చేయాలి. స్టాండు మీద ముచ్చటగా కుదిరినవి బాడీ మూయగానే ఫైబర్ గ్లాసును తాకి దాన్ని వేయించేస్తాయి. కలెక్టరు దగ్గర జారే కీళ్లు వదలాలి. వేడికి స్టెయిన్‌లెస్ స్టీలు బాగా సాగుతుంది. కదలనివ్వకుండా వెల్డు చేసేస్తే అక్కడే పగులుతుంది.

వెబర్ 48 ఐడీఏ కార్బొరేటర్లు నాలుగు పెట్టకపోతే పరువు దక్కదన్నది ఈ తరగతిలో సర్వసమ్మతం. వాటికి పెట్రోలు ప్రెషరు 3 పీఎస్‌ఐ దగ్గర చాలు. మామూలు ఎలక్ట్రిక్ పంపు అంతకు రెట్టింపు తోస్తుంది. నీడిల్ వాల్వులు ఆపలేక, పెట్రోలు సిలిండర్లలోకి దిగి ఇంజిన్ ఆయిల్‌ను పలుచన చేస్తుంది. రెగ్యులేటరు కొనడానికి బద్ధకించినవారు బేరింగులు కొంటారు. 2,000 ఆర్‌పీఎం దగ్గర కారు ఒక్కసారి తడబడితే యజమాని అది రేసు కారు స్వభావమని గర్వంగా చెబుతాడు. నిజానికి ఐడీఏలో, యాక్సిలరేటర్ కొద్దిగా తొక్కినప్పుడు పెట్రోలు అందించే ప్రోగ్రెషన్ రంధ్రాలు రెండే ఉండటం వల్ల వచ్చే తడబాటు అది; మూడోది వేయిస్తే పోతుంది. స్వభావం కూడా పోతుందని కొందరు వేయించరు.

రేడియేటర్ ముక్కులో, ఇంజిన్ నడుములో. మధ్యనున్న పొడుగాటి గొట్టాల్లో గాలి చిక్కితే ఇంజిన్ ఉడుకుతుంది, గేజు మాత్రం ప్రశాంతంగా ఉంటుంది, ఎందుకంటే సెన్సర్ ఆవిరిలో ఉంది. రేడియేటర్ నెత్తి నుంచి హెడర్ ట్యాంకుకు సన్నని గొట్టం వేయాలి, హెడర్ ట్యాంకు అన్నింటికన్నా ఎత్తున ఉండాలి, థర్మోస్టాట్ అంచున 3 మి.మీ. రంధ్రం వేయాలి, ముక్కును జాకీతో ఎత్తి నింపాలి. అల్యూమినియం గొట్టాల చివర చుట్టూ పూసలా ఉబ్బు చేయకపోతే క్లిప్పు ఎంత బిగించినా హోసు ఊడుతుంది. సాధారణంగా జనం చూస్తున్నప్పుడు.

తలుపుల గురించి చెప్పాలంటే, కారును సొంత చక్రాల మీద, ఇంజిన్ బరువుతో నిలబెట్టాకే సందులు చూసుకోవాలి. పైకప్పులోకి కోసిన తలుపులు కాబట్టి ముందు వాటిని కుదిర్చి, ఆ తర్వాత ముక్కును, తోకను వాటికి సరిపెట్టాలి. ముక్కు, తోకల నుంచి మొదలుపెట్టినవాళ్లు మళ్లీ మొదటికి వచ్చారు. ఫైబర్ గ్లాసు బాడీని రంగు వేసేముందు కొన్ని వారాలు ఎండలో ఆరనివ్వాలి. లేకపోతే లోపలి మ్యాటు నేత పైకి తేలుతుంది. వైరింగ్ గురించి ఏమీ చెప్పం. కొన్ని బాధలు ఎవరివి వారే పడాలి.

బ్రిటన్ పోటీదారులకు చివరి మలుపు ఐవీఏ పరీక్ష, అంటే విడిగా కట్టిన బండిని రోడ్డెక్కనిచ్చే ముందు చేసే తనిఖీ. బయటి అంచులకు కనీసం 2.5 మి.మీ. గుండ్రదనం కావాలి. గంటకు 300 కి.మీ. పైన పరుగెత్తిన కారు రూపాన్ని అక్షరాలా దించినవాడు, ఆ రోజు మాత్రం దాని అంచులన్నిటికీ రబ్బరు పట్టీ తొడుగుతాడు, రెక్కల చక్రపు నట్లు తీసి గుండునట్లు పెడతాడు. స్టీరింగ్ వదిలేస్తే దానంతటది మధ్యకు రావాలి. రాకపోతే ముందు చక్రాల క్యాస్టర్ కోణం (స్టీరింగ్ ఇరుసు వెనక్కి వాలే కోణం) పెంచుకుని మళ్లీ రావాలి. గట్టెక్కిన సాయంత్రమే రబ్బరంతా ఊడుతుంది. కాలిఫోర్నియాలోనైతే ఇలా విడిగా కట్టిన కార్లకు పొగ నిబంధనల నుంచి మినహాయింపు ఏడాదికి 500 మందికే, కాబట్టి అక్కడ పరుగు క్యూలో మొదలవుతుంది. మన దేశంలో సుప్రీంకోర్టు 2019 జనవరిలో, తయారీదారు వివరాలకు భిన్నంగా బండిని మార్చడం కుదరదంది. ఉన్న బండి మార్చడానికే అలా ఉంటే, లేని బండిని పుట్టించి ఆర్టీవో ముందు నిలబెట్టేవాడి ధైర్యానికి ట్రోఫీ విడిగా ఇవ్వాలి.

ఇంత చేశాక వచ్చి నిలబడే పెద్దమనిషి ఒకడుంటాడు. రివెట్లు లెక్కపెట్టి, చక్రం 17 అంగుళాలుందేమని అడుగుతాడు, అసలుకు 15. ఆ సైజులో రేసు టైర్లు దొరకడం కష్టమన్నా వినడు. అదే మనిషి లేత నీలం మీద నారింజ గీత, గుండ్రంలో 6 అంకె చూసి మాత్రం మురిసిపోతాడు. 1968లో 9 అంకెతో, 1969లో 6 అంకెతో గెలిచిన ఆ కారు ఒక్కటే, చట్రం నంబరు పీ/1075. దాని రంగు వేసుకున్న నకళ్లను వరసగా నిలిపితే పిట్ లేన్ చాలదు. అసలుతనం మాటకొస్తే, 2000ల్లో ఫోర్డ్ వారే తమ కారును తిరిగి తీసుకొస్తే, జీటీ40 అన్న పేరు హక్కు వేరొకరి దగ్గర ఉండటంతో ఉత్త ఫోర్డ్ జీటీ అని పిలుచుకోవలసి వచ్చింది. ఎత్తు కూడా 4 అంగుళాలు పెరిగింది.

షెడ్డు తరగతికి ఇలవేల్పుగా లె మాన్ డ్రైవర్ జాకీ ఇక్స్‌ను ప్రతిపాదిస్తున్నాం. 1969లో పందెం మొదలవగానే అందరూ కార్ల దగ్గరికి పరుగెత్తుతుంటే ఆయన నింపాదిగా నడిచి వెళ్లి, బెల్టు పెట్టుకుని, అందరికన్నా చివర బయల్దేరాడు. మర్నాడు నూరు మీటర్ల పైచిలుకు తేడాతో గెలిచాడు.

పందెం మధ్యలో డ్రైవర్ మార్పుకు అనుమతి ఉంటుంది. దాన్ని అమ్మకపు ప్రకటనల్లో ‘90 శాతం పూర్తయిన ప్రాజెక్టు’ అంటారు. మిగిలిన పది శాతంలో వైరింగ్, తలుపుల సందులు, అద్దాలు, కూలెంట్, పరీక్ష ఉంటాయి. చేతులు మార్చుకునేవారు కారును చక్రాల మీద దించమని అడిగి తలుపు మూసి చూడాలి, రసీదులు అడగాలి. బ్రిటన్‌లో ప్రధాన భాగాల వయసు రుజువు కాకపోతే క్యూ అక్షరపు నంబరే గతి. ‘అవన్నీ ఏదో డబ్బాలో ఉండాలండీ’ అని పాత యజమాని అంటే, ఆ డబ్బా దొరికేదాకా బయానా ఇవ్వకండి.