మొక్కల మీద ఒక ఫిర్యాదు

వేసవి వస్తే విశాఖలో నీటి పొదుపు మీద మీటింగులు మొదలవుతాయి. బ్యానరు, వాటర్ బాటిళ్లు, చివర్లో భోజనాలు, అన్నీ పద్ధతిగా జరుగుతాయి. మొక్కలు మాత్రం ఒక్క తీర్మానమైనా చేయకుండా వాటి పాటికవి పొదుపు చేసేస్తున్నాయి. ఇంత విచ్చలవిడితనాన్ని అడిగేవాళ్లే లేరు.

నేలలో తడి తగ్గగానే ఆకుల్లో అబ్సిసిక్ ఆమ్లం అనే హార్మోను పెరుగుతుంది. వెంటనే పత్రరంధ్రాలు మూసుకుంటాయి. నీటి ఆవిరి బయటికి పోదు, బాగానే ఉంది. కానీ కార్బన్ డయాక్సైడ్ లోపలికి రావాల్సిందీ ఆ దారినే. అంటే నీళ్లు లేవని తిండి కూడా మానేస్తాయన్నమాట. మా అపార్ట్‌మెంట్‌లో నీళ్లు లేకపోతే ఎవరూ ఇంత తెలివితక్కువ పని చేయరు. రెండో ట్యాంకర్‌కి ఫోన్ చేస్తారు.

పైగా వేళ్ల దగ్గర తడి ఉన్నా, గాలి పొడిగా ఉంటే చాలు, చాలా మొక్కలు రంధ్రాలు బిగిస్తాయి. వేడి ఒక డిగ్రీ పెరిగితే గాలి సుమారు 7 శాతం ఎక్కువ ఆవిరిని పట్టగలదు. ఆ ఖాళీని ఆకుల దగ్గరే వసూలు చేస్తుంది. చొక్కా పిండితే చెమట కారే మన ఊళ్లో పొడిగాలేమిటంటారా? బీచ్ రోడ్డు ఫ్లాటులో, సముద్రం వైపు కిటికీ బిగించి, రాత్రీపగలూ ఏసీ వేసిన హాల్లో ఉన్న మనీ ప్లాంట్‌ని అడగండి. గదిలో తడినంతా ఏసీ లాగేసి, పైపులోంచి కిందింటి బాల్కనీలో పోస్తుంటే, పాపం దాని ఆకుల కొసలు మాడిపోతున్నాయి. సీ వ్యూ మాత్రం దానికీ ఉంది.

సింహాచలం అనాస సంగతి మరీ ఘోరం. పగలు రంధ్రాలు మూసుకుని, చల్లబడ్డాక రాత్రి తెరిచి, కార్బన్ డయాక్సైడ్‌ను ఆమ్లంగా దాచుకుని, తెల్లారాక ఎండలో వంట మొదలుపెడుతుంది. తరతరాలుగా నైట్ డ్యూటీ, ఒక్క రూపాయి అలవెన్సు లేదు. తీరం వెంట సరుగుడు చెట్లయితే ఆకుల్ని దాదాపు వదిలేసుకున్నాయి. మనం ఆకులనుకునే ఆ పచ్చటి సూదులు నిజానికి సన్నటి కొమ్మలు. అసలు ఆకులు కణుపుల దగ్గర పొలుసుల్లా మిగిలాయి. జీతం తగ్గించినా నోరెత్తని ఉద్యోగుల్ని ఇక్కడే చూశాను.

పూర్తిగా నోరెత్తవని కాదు. నీళ్లందని టమాటా, పొగాకు మొక్కలు గంటకు 30 నుంచి 50 సార్లు టిక్కుమంటాయని ఇజ్రాయెల్ శాస్త్రవేత్తలు 2023లో ప్రకటించారు. ఆ శబ్దం మన చెవికి అందదు. వినపడకుండా పెట్టుకున్న అర్జీకి ఏ ఆఫీసరు మాత్రం ఏం చేస్తాడు?

ఈ పరిస్థితుల్లో మా అసోసియేషన్ గట్టి నిర్ణయం తీసుకుంది. లాబీలో కుండీలన్నీ తీసేసి, నీళ్లు అక్కర్లేని ప్లాస్టిక్ మొక్కలు పెట్టించింది. దుమ్ము పడుతోందని వాటిని ప్రతి ఆదివారం పైపు పెట్టి కడిగిస్తున్నారు.