సుత్తితో బేరింగు బిగిస్తారా?

మారుతి 800 తయారీ 2014లోనే ఆగిపోయింది, నిజమే. అంతమాత్రాన దాని చక్రాలకు ఎలా పడితే అలా బేరింగులు వేస్తారా? మా బండి ముందు చక్రం రొద పెడుతోంది, వేగంతోపాటు పెరుగుతోంది, స్టీరింగు ఒక పక్కకు తిప్పితే తగ్గుతోంది అని చెబితే, మెకానిక్ మొదట టైర్లు మార్పించాడు. రొద పోలేదు.

చివరికి విప్పితే గ్రీజు నల్లగా, తుప్పునీటితో కలిసి బురదలా ఉంది. నీళ్లు లోపలికి పోకుండా ఆపే సీలు అంచు చిరిగిపోయింది. ఆపైన అతను చేసిన పనికి నా ఒళ్లు మండిపోయింది. కొత్త బేరింగును నకిల్‌లో, అంటే బేరింగు కూర్చునే ఇనుప దిమ్మలో పెట్టి, లోపలి రింగు మీద సుత్తితో ధనాధన్ బాదాడు! ఆ దెబ్బ గుండ్ల మీదుగా బయటి రింగుకు తగిలి, గుండ్లు తిరిగే గాడిలో సొట్టలు పడతాయి. అంటే బేరింగు తిరగకముందే పాడైనట్టు. బయటి రింగు మీద ఒత్తిడి పడేలా ప్రెస్సు యంత్రంతో నొక్కాలి. ప్రెస్సున్న షాపు పక్క వీధిలోనే ఉంది, వెళ్లడానికి బద్ధకం!

అంతటితో ఆగాడా? చక్రాన్ని మోస్తూ బేరింగులోకి దూరే హబ్బు అరిగిపోతే, దాని మీద పంచి అనే మొనదేలిన ఉక్కు పనిముట్టుతో చుక్కలు కొట్టి, "బిగువు వచ్చేసింది సార్" అన్నాడు. ఆ చుక్కలు ఎన్నాళ్లు నిలుస్తాయి? చక్రం ఊగితే లోపల కూర్చునేది మా అమ్మానాన్నలు. హబ్బే మార్చమంటే, "పాత బండికి అంత ఖర్చు ఎందుకు సార్?" అని నాకే నచ్చజెబుతున్నాడు.