బంకర్ గారికి, వెంట్వర్త్‌విల్ నుంచి ఒక అభిమాని రాయునది

మహారాజశ్రీ ఎన్ఆర్ఎల్ బంకర్ గారి, అనగా ఆస్ట్రేలియా రగ్బీ లీగ్‌లో రీప్లేలు చూసి తీర్పులిచ్చే గది గారి దివ్యసముఖానికి,

ఉభయకుశలోపరి. మేం ఇక్కడ క్షేమం, మీ స్క్రీన్లు కూడా క్షేమమే అయ్యుంటాయి, ఎందుకంటే మొన్న రాత్రి ఒకే ఒక్క ట్రైని ఎన్ని యాంగిల్స్‌లో తిప్పి తిప్పి చూపించారంటే ఆ గ్యాప్‌లో నేను లేచి అన్నం వండుకుని, పప్పు వేడి చేసుకుని, తిని, ప్లేటు కూడా కడిగేసి వచ్చి కూర్చున్నా, ఇంకా అదే వేలు, అదే బంతి, అదే గడ్డి.

ముందు నా గురించి చెప్పాలి. నేను గుంటూరు నుంచి సిడ్నీ వచ్చిన క్రికెట్ పిచ్చోణ్ణి. ఈ రగ్బీ లీగ్ నాకు అంటించింది మా పక్కింటి పెద్దాయన, పారమాటా ఈల్స్ వీరాభిమాని, అంటే 1986 తర్వాత ఒక్క టైటిల్ కూడా చూడని మనిషి అన్నమాట, ఆయన ఓపిక ముందు మన భూదేవి కూడా తక్కువే. మన కబడ్డీ వాళ్ళకి ఒక బంతి ఇచ్చి, అటు పదమూడు మందిని ఇటు పదమూడు మందిని పెట్టి ఎనభై నిమిషాలు గుద్దుకోమంటే ఎలా ఉంటుందో అదీ ఆట. ఆరుసార్లు అవతలివాళ్ళ చేతికి చిక్కేలోపు, అదే ఆరు ట్యాకిల్స్ లోపు, ఏదో ఒకటి చెయ్యాలి, బంతిని చేత్తో ముందుకి పాస్ చెయ్యకూడదు, లైన్ దాటి నేలకి ఆనిస్తే ట్రై, నాలుగు పాయింట్లు. ఇంత సింపుల్ ఆట. ఇందులోకి మీరొచ్చారు.

వీడియో రెఫరీ అనేవాడు 1990ల చివర్లోనే వచ్చాడంట, గ్రౌండ్‌లో ఒక గదిలో కూర్చునేవాడు. 2016లో ఆయన్ని సిడ్నీలోనే ఈవ్లీ అనే చోటుకి మార్చి, గది నిండా స్క్రీన్లు పెట్టి, అమెరికా లీగుల్ని చూసి బంకర్ అని యుద్ధంలో వాడే పేరు పెట్టారు. ఇక గొడవలుండవు అన్నారు. గొడవలు ఎక్కడికి పోతాయండీ, అడ్రస్ మారింది అంతే. ఇదివరకు రెఫరీని తిట్టేవాళ్ళం, పాపం ఎదురుగా నిలబడి పడేవాడు. ఇప్పుడు తిట్టాలంటే ఈవ్లీ దాకా రైలెక్కాలి.

మీ పని చేసే పద్ధతి చూస్తే నాకు మన ఆఫీసుల్లో ఫైలు గుర్తొస్తుంది. గ్రౌండ్‌లో రెఫరీ చేతులతో గాల్లో డబ్బా గీస్తాడు, "నా మటుకు ట్రైయే, పైన ఒకసారి చూడండి" అని నోట్ రాసి పంపిస్తాడు. 2013 నుంచి ఇదే రూలు. అంతకుముందు అనుమానం ఉంటే లాభం ఎటాక్ చేసేవాళ్ళకి ఇచ్చేవాళ్ళు, అది కనీసం ఒక దయ. ఇప్పుడు మీరు బోలెడుసేపు చూసి చూసి "కింద రాసింది కాదనడానికి తగినంత ఆధారం లేదు" అని సంతకం పెట్టి తిప్పి పంపిస్తారు. మరి ఇన్ని కెమెరాలు ఎందుకండీ, గుమాస్తా ఒక్కడు చాలడా. క్రికెట్‌లో అంపైర్స్ కాల్ అని ఇలాంటిదే ఒకటి ఉంది లెండి, మాకు అలవాటే, కానీ బాల్ స్టంప్స్‌కి తగుల్తుందా లేదా అని కంప్యూటర్ ఒక బొమ్మన్నా గీస్తుంది అక్కడ. మీరు స్లో మోషన్‌లో వేలి గోరుని చూపించి మా మొహాన పడేస్తారు. స్లో మోషన్‌లో చూస్తే మా ఆవిడ నాకు కాఫీ గ్లాసు అందించడం కూడా నాక్ ఆన్ లాగే, అంటే బంతి చేతిలోంచి ముందుకి జారినట్టే ఉంటుంది సార్.

అసలు నా గోల వేరే. మీకున్నవి కళ్ళు, మేం అడుగుతున్నది కళ్ళ సమస్య కాదు. అబ్‌స్ట్రక్షన్ తీసుకోండి, అంటే బంతి లేనివాడు డిఫెండర్‌కి అడ్డం పడటం. బంతి లేకుండా ఉత్తుత్తిగా పరిగెత్తినవాడు డిఫెండర్ లోపలి భుజానికి తగిలాడా బయటి భుజానికి తగిలాడా, తగిలినా ఆ డిఫెండర్ ఎలాగూ ఆపలేకపోయేవాడా, వాడే కావాలని వెళ్ళి తగిలి పడిపోయాడా. దీన్ని వెయ్యి ఫ్రేముల్లో చూసినా భుజం భుజమే, వాడి మనసులో ఏముందో ఏ కెమెరా చెప్తుంది. మా పెద్దాయన, నేను ఒకే సోఫాలో ఒకే రీప్లే చూసి రెండు తీర్పులిస్తాం, మీ గదిలో మూడోది వస్తుంది.

పోనీ చూడగలిగినవి అన్నీ చూస్తారా అంటే అదీ లేదు. ఫార్వర్డ్ పాస్ ఇంటికాడ పిల్లాడికి కూడా కనిపిస్తుంది, మీకు మాత్రం చూసే అధికారం లేదు, కెమెరా యాంగిల్ మోసం చేస్తుందంట. 2013 ఫైనల్స్‌లో కౌబాయ్స్ మీద షార్క్స్ ఏడో ట్యాకిల్‌లో ట్రై కొట్టారు, అది లెక్కలోకి వచ్చింది, 20-18తో గెలిచారు కూడా. అప్పటికి మీరు పుట్టలేదు, మీ పెద్దలు ఉన్నారు. గడ్డిపోచని చూసే కళ్ళున్న ఊళ్ళో ఆరు దాకా లెక్కపెట్టేవాడు లేకపోయాడు.

ఇక 2019లో రూస్టర్స్‌కీ కాన్‌బెర్రాకీ జరిగిన గ్రాండ్ ఫైనల్ గురించి మా పెద్దాయన ముందు ఎత్తకూడదు, ఆయన కాన్‌బెర్రా వాడు కాకపోయినా. 8-8, చివరి పది నిమిషాలు, రెఫరీ చెయ్యి ఊపి మళ్ళీ ఆరు ట్యాకిల్స్ అన్నాడు, వెంటనే కాదు ఇదే చివరిది అన్నాడు, కాన్‌బెర్రా ఆటగాడు జాక్ వైటన్ మొదటి సైగే నమ్మి బంతి పట్టుకుని ట్యాకిల్ అయ్యాడు, బంతి రూస్టర్స్‌కి పోయింది, కాసేపటికి వాళ్ళ టెడెస్కో ట్రై, 14-8. చివరికి ఇచ్చిన తీర్పు కరెక్టేనంట, ఊపిన చెయ్యే తప్పంట. ఆ టైంలో మీరు అన్ని స్క్రీన్లూ వెలిగించుకుని చూస్తూనే ఉన్నారు, మీ పరిధిలోకి రాదు కాబట్టి నోరు మూసుకుని.

2020లో కెప్టెన్స్ ఛాలెంజ్ అని, రెఫరీ తీర్పు మీద మీకు అప్పీలు చేసుకునేది ఒకటిచ్చారు. అడగాలా వద్దా తేల్చుకోవడానికి క్రికెట్‌లో నిలబడి మాట్లాడుకునేవాళ్ళకి పదిహేను సెకన్లు, ఇక్కడ ముగ్గురు కింద నలిగి ఇప్పుడే లేచినవాడికి పది.

న్యాయంగా ఒకటి ఒప్పుకోవాలి. అదే 2020లో మీ ఇంగ్లండ్ చుట్టాల సూపర్ లీగ్ ఫైనల్, విగాన్ మీద సెయింట్ హెలెన్స్. 4-4, టైం అయిపోయిందని హూటర్ మోగిపోయింది, డ్రాప్ గోల్ కోసం (బంతిని నేలకి తగిలించి పోస్టుల మధ్యకి) తన్నిన బంతి పోస్టుకి తగిలి వెనక్కి పడింది, సెయింట్ హెలెన్స్ కుర్రాడు జాక్ వెల్స్‌బీ దాని మీద పడ్డాడు. కోవిడ్ వల్ల స్టేడియం ఖాళీ. వీడియోలో చూసి ట్రై ఇచ్చారు, 8-4. ఆ రోజు మీ వాళ్ళు లేకపోతే ఇప్పటికీ కొట్టుకుంటూ ఉండేవాళ్ళు. అది నేను యూట్యూబ్‌లో ఎన్నిసార్లు చూశానో నాకే తెలీదు.

కానీ మొన్న శనివారం మా వాడి మ్యాచ్, చిన్నపిల్లలది, పార్కులో. వాడు జీవితంలో మొదటి ట్రై కొట్టాడు. మేమంతా అరుస్తుంటే వీడు గెంతలేదు, నవ్వలేదు, బంతి అక్కడే పెట్టి, పదిహేనేళ్ళ రెఫరీ అబ్బాయి చేతుల వైపు చూస్తూ నిలబడ్డాడు, డబ్బా గీస్తాడేమోనని. ఆ పార్కులో కెమెరా అంటే నా ఫోన్ ఒక్కటే, అందులో స్టోరేజ్ ఫుల్.

ఇట్లు,
మీ విధేయుడు