కొత్త బూటు కరవాల్సిందేనా?

“లో-టాప్ స్నీకర్లు చూపుకే, నడకకు పనికిరావు. కరిస్తే ఒక సైజు పెద్దది తీసుకోండి, లోపల మెత్తటి ఇన్‌సోల్ వేయండి, పది రోజులు ఓర్చుకుంటే అవే సాగుతాయి.” చీలమండ కిందికే ఆగే లో-టాప్ బూట్ల గురించి వాట్సాప్‌లో తెగ తిరుగుతున్న సలహా ఇది. నాలుగు మాటల్లో రెండిట్లో మాత్రమే కాస్త నిజముంది.

చూపుకే అన్న మాట ముందు. కన్వర్స్ ఆల్‌స్టార్ 1917లో బాస్కెట్‌బాల్ కోసం పుట్టింది, దాని లో-టాప్ 1957లో వచ్చింది. అడిడాస్ వాళ్ల స్టాన్ స్మిత్ టెన్నిస్ బూటు. తేడా అంతా సోల్ కట్టిన తీరులో ఉంది. ఆల్‌స్టార్, వ్యాన్స్ ఆథెంటిక్ లాంటివాటికి పల్చటి రబ్బరు సోల్ చుట్టూ పట్టీ అంటించి, బట్టీలో ఉడికించి ఒకటి చేస్తారు. మడమ కింద మెత్తదనం తక్కువ. పాలరాతి నేల మీద రోజంతా నిలబడేవాళ్లకు, పొద్దున్నే మొదటి అడుగుకి మడమ పొడిచేవాళ్లకు ఇవి వద్దు. ఆ మేరకు సందేశం నిజమే. స్టాన్ స్మిత్, అడిడాస్‌దే సూపర్‌స్టార్, నైకీ ఎయిర్ ఫోర్స్ 1లది గిన్నెలా పోతపోసిన సోల్. అంచు చుట్టూ కుట్టు కనిపిస్తుంది. లోపల మెత్త పెట్టే చోటుంటుంది కాబట్టి ఎక్కువసేపు ఓర్చుతాయి.

సైజు పెంచడం అన్నిటికంటే చెడ్డ సలహా. యూకే సైజు ఒకటి పెరిగితే పొడవు సుమారు 8.5 మి.మీ. పెరుగుతుంది, వెడల్పు పెరిగేది అందులో కొంతే. వేళ్ల దగ్గర నొక్కుడు పూర్తిగా పోదు, పైగా మడమ జారి బొబ్బలెక్కుతుంది. బూటు వంగే గీత కూడా పాదం వంగే చోటికి ముందుకి పోతుంది. సాయంత్రం, పాదం కాస్త ఉబ్బాక, కాగితం మీద నిలబడి రెండు పాదాలూ కొలవండి. పెద్ద పాదం పొడవుకి 10–12 మి.మీ. కలిపి సైజు చూడండి. ఆల్‌స్టార్ మామూలుగానే అర సైజు పెద్దగా వస్తుంది, అందులో ఇంకో సైజు పెంచితే పడవే.

ఇన్‌సోల్ సంగతి. లో-టాప్‌లో మడమ వెనక గోడ పొట్టిది. పాతదాని మీదే 5 మి.మీ.ది వేస్తే మడమ అంతా పైకి లేచి బయటికి జారుతుంది, వేళ్లు పైకప్పుకి రాసుకుంటాయి. పాతది ఊడేదైతే తీసేసి 3–4 మి.మీ.ది వేయండి. బొటనవేలితో నొక్కితే అట్టడుగుకి అణిగిపోయే స్పాంజి మీ బరువుకీ అలాగే అణుగుతుంది.

సాగుతాయా? తోలైతే వెడల్పులో కొంచెం సాగుతుంది, పొడవులో సాగదు. కాన్వాస్ సాగేది నామమాత్రం. రెక్సిన్ సాగదు, వంగే చోట పగులుతుంది. బూటు నాలిక (లేసుల కింద ఉండే పట్టీ) లోపలి లేబుల్ మీద పరిచిన చర్మం బొమ్మ ఉంటే తోలు, వజ్రం ఆకారం ఒక్కటే ఉంటే సింథటిక్. పాదం పైభాగం నొక్కితే ఓర్చుకోవాల్సిన పనిలేదు: ఆ వరసలో లేసు అడ్డంగా దాటించకుండా, అదే పక్కన నిలువుగా పై కన్నంలోకి ఎక్కించండి. ఇంకొకటి, గుమ్మం దగ్గర లేసు విప్పకుండా మడమ తొక్కి విడిచే అలవాటు మానండి. వెనక గోడ నలిగాక సరైన సైజు కూడా జారుతుంది.