వూమెరా అనే కర్రపై కొన్ని అభ్యంతరాలు

ఆస్ట్రేలియా ఆదివాసుల వూమెరా మీద నాకు తీవ్రమైన అభ్యంతరాలున్నాయి. బల్లెం విసరడానికి వాడే కర్ర అది. ఒక వస్తువుకు ఒకే పని ఉండాలన్న నాగరిక నియమాన్ని అది బొత్తిగా లెక్కచెయ్యదు.

అసలు పని వరకూ నేనూ తప్పు పట్టను. కర్ర కొసన చిన్న కొక్కెం, బల్లెం తోకలో చిన్న గుంట. గుంటను కొక్కెం మీద ఆనించి, రెండింటినీ కలిపి పట్టుకుని విసిరితే చెయ్యి ఆ కర్రంత పొడుగు పెరిగినట్టే. చివర్లో మణికట్టుతో ఒక్క విదిలింపు. బల్లెం వెళ్తుంది, కర్ర చేతిలోనే ఉంటుంది. కంగారూకి ఆలోచించుకునే టైమ్ ఉండదు.

అక్కడితో ఆగితే గొడవే లేదు. మధ్య ఆస్ట్రేలియా ఎడారిలో దాన్ని ముల్గా చెక్కతో వెడల్పుగా, లోపలికి కాస్త పల్లంగా చెక్కుతారు. ఆ పల్లమే కొంప ముంచింది. అందులో ఒంటికి పూసుకునే రంగుమట్టి కలుపుతారు, తిండి మోస్తారు, అడవి పొగాకులో బూడిద కలుపుకుంటారు. పిడి దగ్గర పదునైన రాతి పెచ్చును స్పినిఫెక్స్ గడ్డి జిగురుతో అతికిస్తారు. వేడి చేస్తే మెత్తబడి, చల్లారితే బిగుసుకుపోయే జిగురది. ఇక ఆ పిడే కత్తి, ఆ పిడే ఉలి. వేటాడిన జంతువును దాంతోనే కోస్తారు, రేపటి బల్లేన్ని దాంతోనే చెక్కుతారు. కర్ర అంచును ఎండుకట్టె మీద రంపంలా రాసి నిప్పు పుట్టిస్తారు. అవతలివాడి బల్లెం మీదికొస్తే అడ్డం పెట్టి పక్కకు తోసేస్తారు. సాయంత్రం పాటకు తాళమూ దాంతోనే.

అంటే పళ్లెం, ఉలి, అగ్గిపెట్టె, డాలు అమ్ముకునే నలుగురు వ్యాపారుల నోట్లో మట్టి కొట్టిందన్నమాట. ఛార్జర్ లేదు, ఈఎంఐ లేదు. ఉల్లిపాయకో మిషన్, వెల్లుల్లికో మిషన్ కొని, రెండింటినీ అటకెక్కించి, కత్తిపీట కోసం ఇల్లంతా వెతుక్కునే మనలాంటి అభివృద్ధి చెందినవాళ్లకు ఇది అవమానం కాదా?

ఈ అరాచకాన్ని సరిదిద్దడానికి చివరికి ప్రభుత్వాలే దిగాయి. 1947లో బ్రిటన్, ఆస్ట్రేలియా కలిసి దక్షిణ ఆస్ట్రేలియా ఎడారిలో క్షిపణుల పరీక్షా కేంద్రం పెట్టి, అక్కడి ఊరికి వూమెరా అనే నామకరణం చేశాయి. పేరు సిడ్నీ వైపు దారుగ్ భాషది, నేల వెయ్యి కిలోమీటర్లకు పైగా అవతలున్న కొకతా జనానిది. ఎవరినీ అడగకపోవడంలో మాత్రం ఇద్దరినీ సమానంగా చూశారు. (శ్రీహరికోటలో ఉండే యానాదులు గుర్తొస్తే అది మీ జ్ఞాపకశక్తి తప్పు.) క్షిపణులు వెళ్లే దారి ఆదివాసుల రిజర్వు భూముల మీదుగా ఉందని చార్లెస్ డుగిడ్ అనే డాక్టర్ గోల పెట్టాడు. దానికి సర్కారు చూపించిన పరిష్కారం: అంత ఎడారిలోని ఆదివాసుల బాగోగులకు వాల్టర్ మెక్‌డగల్ అనే ఒకే ఒక్క గస్తీ అధికారి. కొన్నేళ్లపాటు ఆయన ఒక్కడే.

గురి విషయానికొస్తే, 1971లో బ్రిటన్ తన బ్లాక్ యారో రాకెట్ పథకాన్ని జులైలో రద్దు చేసింది. అక్టోబర్ 28న అదే రాకెట్ వూమెరా నుంచి లేచి ప్రోస్పెరో ఉపగ్రహాన్ని చక్కగా కక్ష్యలో పెట్టింది. బల్లెం తగలబోయే ముందు వేట మానేస్తున్నట్టు జీవో ఇవ్వడం ఏ ఎడారి వేటగాడికీ చేతకాని విద్య.

రాకెట్ల సందడి తగ్గాక ఊరు ఖాళీగా ఎందుకుండాలని, 1999లో శరణు కోరి వచ్చినవాళ్లను బంధించే కేంద్రం తెరిచారు. 2003 దాకా నడిపారు. నాగార్జునసాగర్‌కి మనం వాడే ‘బహుళార్థసాధక’ అన్న మాట ఈ ఊరికీ అతికినట్టు సరిపోతుంది: క్షిపణులు, ఉపగ్రహాలు, జైలు. కర్ర చేసే పనుల్లో పళ్లెం పని ఒక్కటీ దీనివల్ల కాలేదు గానీ, మీదికొచ్చినవాళ్లను పక్కకు తోసేయడం మాత్రం బ్రహ్మాండంగా చేసింది.