ఆరంభశూరత్వం గారికి ఒక సైకిలు విన్నపం

మహారాజశ్రీ ఆరంభశూరత్వం గారి దివ్య సముఖమునకు,

కొత్తగా సైకిలు కొన్నవాళ్ళ మోకాళ్ళు, పిక్కలు, పిరుదుల తరఫున నమస్కరించి వ్రాయు విన్నపం. ఉభయకుశలోపరి. ఇక్కడ పైన చెప్పిన ముగ్గురు తప్ప అందరూ క్షేమం.

తమరి వైభవం మాకు తెలియనిది కాదు. జనవరి ఒకటిన జిమ్ముకు ఏడాది ఫీజు కట్టించేదీ తమరే, సంక్రాంతికి ఊరెళ్ళిన మనిషిని మళ్ళీ ఆ జిమ్ము మొహం చూడనివ్వనిదీ తమరే. ఇప్పుడు సైకిళ్ళ మీద పడ్డారు. శనివారం సాయంత్రం ఇరవయ్యొక్క గేర్ల సైకిలు కొనిపిస్తారు. ఆదివారం తెల్లవారుజామున నాలుగున్నరకు లేపి, కాలేజీ వదిలాక పెడల్ మీద కాలు పెట్టని మనిషి చేత యాభై కిలోమీటర్లు తొక్కిస్తారు. ఫొటో దింపి స్టేటస్ పెట్టిస్తారు. సోమవారం ఆఫీసులో ఆ మనిషి మీటింగంతా నిలబడే వింటాడు. బుధవారానికి సైకిలు బాల్కనీ చేరుతుంది, నెల తిరిగేసరికి దానిమీద తువ్వాళ్ళు ఆరుతుంటాయి. ఆరో నెలలో ప్రకటన: ‘చాలా తక్కువ వాడింది, షోరూమ్ కండిషన్, అర్జెంటుగా అమ్మబడును’. అందులో ఒక్క అక్షరం అబద్ధం ఉండదు, అదే మా బాధ.

సైకిలు కొనిపించినందుకు తమరి మీద మాకు కోపం లేదు. కోపమల్లా ఆ మొదటి ఆదివారం మీదే. గుండె, ఊపిరితిత్తులు త్వరగా దారికొస్తాయి. నాలుగైదు వారాలు వదలకుండా తొక్కితే తేడా తెలుస్తుంది. కండను ఎముకకు పట్టి ఉంచే టెండన్లు అలా కాదు, వాటికి నెలలు కావాలి. మెడ, అరచేతులు, కూర్చునే చోటు ఎవరి తీరున వాళ్ళు అలవాటుపడతారు. తమరేమో ఆయాసం లేదు కదా అని ముందుకు తోస్తారు. బిల్లు మోకాలి చిప్ప పేరు మీద వస్తుంది.

ఆ బిల్లులో సగం దూరం వల్ల వచ్చింది కూడా కాదు, సీటు ఎత్తు వల్ల వచ్చింది. షాపులో ‘కాళ్ళు నేలకు అందుతున్నాయా సార్?’ అని అడిగి సీటు దించేస్తారు. రెండు పాదాలూ నేలకు పూర్తిగా ఆనేలా కూర్చున్నవాడు తొక్కేటప్పుడు మోకాలు ఎప్పుడూ ముడుచుకునే ఉంటుంది. చిప్ప వెనక ఒత్తిడి పెరిగి, పదో కిలోమీటరుకి ముందువైపు నొప్పి మొదలవుతుంది. సరిచూసుకోవడానికి ఐదు నిమిషాలు చాలు. సైకిలును గోడ పక్కన నిలబెట్టి, గోడను ఒక చేత్తో పట్టుకుని సీటు మీద నిటారుగా కూర్చోవాలి. ఒక పెడల్‌ను పూర్తిగా కిందికి తెచ్చి దానిమీద మడమ పెట్టాలి. కాలు తిన్నగా రావాలి. మడమ అందక నడుము ఒక పక్కకు ఒరిగితే సీటు ఎక్కువ లేచినట్టు, మోకాలు ఇంకా వంగి ఉంటే తక్కువైనట్టు. మడమకు సరిపోయాక, తొక్కేటప్పుడు పెట్టినట్టే పాదం ముందు భాగాన్ని పెడల్ మీదికి తెస్తే మోకాలిలో చిన్న వంపు మిగులుతుంది. కావలసింది ఆ వంపే. తర్వాత ఎప్పుడు మార్చినా ఒక్కసారి అర సెంటీమీటరుకు మించొద్దు. మోకాలి వెనక లాగుతుంటే కొంచెం దించాలి, ముందు నొప్పెడితే కొంచెం లేపాలి. సీటు కింది రాడ్డు మీద ఒక గీత హద్దుగా చెక్కి ఉంటుంది. అది బయటికి కనపడేంత పైకి లాగితే రాడ్డు విరిగే ప్రమాదం ఉంది. ఇక సిగ్నల్ దగ్గర ఆగడమంటారా, సీటు మీంచి ముందుకు దిగి నిలబడాలి. కూర్చుని ఆగడానికి అదేమీ స్కూటీ కాదు.

సీటు నొప్పెడుతోందనగానే తమరు మెత్తటి జెల్ కవరు కొనిపిస్తారు. అరగంటకది హాయిగానే ఉంటుంది. గంట దాటితే కూర్చునే ఎముకలు అందులో దిగబడి, వాటి మధ్య ఉన్న మెత్తటి భాగం మీద బరువు పడుతుంది, తిమ్మిరెక్కుతుంది. మొదటి రెండు వారాలు ఎముకల దగ్గర నొప్పి మామూలే, రోజు విడిచి రోజు తొక్కితే తగ్గిపోతుంది. తిమ్మిరి మాత్రం మామూలు కాదు. సీటు ముక్కు పైకి లేచి ఉందేమో చూడాలి. అలాగని ముక్కు బాగా కిందికి వంచితే మనిషి ముందుకు జారతాడు, బరువంతా చేతుల మీద పడి చిటికెన వేలు, ఉంగరం వేలు మొద్దుబారతాయి. నేలకు సమంగా పెట్టి మొదలుపెట్టడమే మేలు. ప్యాడ్ ఉన్న షార్ట్ కొనదగ్గ వస్తువే. దాని లోపల డ్రాయరు వేయకూడదన్న సంగతి మాత్రం ఎవరూ నోరు విప్పి చెప్పరు. ఒరుసుకునేది ఆ డ్రాయరు కుట్లే.

గేర్ల సంగతి తమరితో ప్రత్యేకంగా మాట్లాడాలి. పెద్ద గేరులో బరువుగా తొక్కితేనే వ్యాయామమని తమరు నేర్పిన పాఠం మోకాళ్ళకు పెద్ద శాపం. ఒకే వేగానికి పెడల్ నెమ్మదిగా తిరిగేకొద్దీ ఒక్కో తొక్కుకు బలం ఎక్కువ పెట్టాలి. కుడి మోకాలు పైకి రావడం 15 సెకన్లపాటు లెక్కపెట్టుకోవాలి. 20 వస్తే నిమిషానికి 80 చుట్లు, కొత్తవాళ్ళకు అది చక్కటి లెక్క. తమరి శిష్యులకు 12, 13 దాటదు. ముందు మూడు, వెనక ఏడు పళ్ళచక్రాలున్న సైకిలయితే మొదటి నెలంతా ముందు మధ్యదాంట్లోనే ఉంచి వెనకవి మార్చుకుంటే సరిపోతుంది. ముందు పెద్దది, వెనక కూడా పెద్దది పెడితే చైను అడ్డంగా సాగి కరకరమంటుంది, త్వరగా అరుగుతుంది. సిగ్నల్ పడుతుందని తెలియగానే, పెడల్ తిరుగుతుండగానే రెండు మూడు గేర్లు తగ్గించాలి. ఆగిపోయాక లివరు నొక్కితే గేరు మారదు. పచ్చలైటు పడ్డాక మొత్తం బలం పెట్టి తొక్కినప్పుడు టకామని మారుతుంది, వెనక బస్సువాడు హారన్ కొడుతుండగా చైను ఊడొస్తుంది. ఎత్తుకూ ఇదే సూత్రం. ఎక్కడం మొదలు కాకముందే గేరు తగ్గాలి.

ఇక దూరం. మొదటి రెండు వారాలు కిలోమీటర్ల ఊసే వద్దు. వారానికి మూడుసార్లు, ఒక్కోసారి అరగంట. ఆరో ఎనిమిదో, ఎంతొస్తే అంత. తొక్కుతూ పక్కవాడితో పూర్తి వాక్యాలు మాట్లాడగలగాలి. మాట తెగి తెగి వస్తుంటే వేగం ఎక్కువైనట్టే. వారానికి పది శాతమే పెంచాలన్న సూత్రం ఒకటి బాగా చలామణీలో ఉంది. ఎనిమిది కిలోమీటర్ల మీద పది శాతమంటే ఎనిమిది వందల మీటర్లు, అపార్ట్‌మెంటు చుట్టూ రెండు చక్కర్లు! మొదట్లో ఆ లెక్క పట్టుకుని వేలాడక్కర్లేదు. రెండు చిన్న రైడ్లను అలాగే ఉంచి, వారాంతపు పెద్ద రైడుకు మాత్రం నాలుగైదు కిలోమీటర్లు కలుపుకోవచ్చు. మూడో వారం 12. నాలుగో వారం పెంచకపోగా 8కి దించాలి, ఒళ్ళు గట్టిపడేది ఆ విశ్రాంతిలోనే. ఆపైన 16, 20, 24, మళ్ళీ దించి 15. తర్వాత 28, 33, 38. పన్నెండో వారం తేలిగ్గా గడిపి, పదమూడో వారం ఆదివారం 50. తమరు మొదటి రోజున తొక్కించిన యాభయ్యే అది. ఈసారి సోమవారం మీటింగులో కూర్చోవచ్చు. గుండె జబ్బు, బీపీ ఉన్నవాళ్ళు మాత్రం ఈ లెక్కలకు ముందు డాక్టరుకు చూపించుకోవాలి. తొక్కేటప్పుడు ఛాతీ పట్టేసినట్టయితే పట్టుదలకు పోవద్దు, అక్కడికక్కడే ఆపి సాయం పిలవాలి.

తమరికి దూరం కన్నా వేగం మీద మోజెక్కువ. యాప్‌లో సగటు 18 చూపిస్తే మొహం చిట్లిస్తారు. ప్రపంచమంతటా జరిగే బ్రెవేలలో, అంటే గడువులోపు పూర్తిచేయాల్సిన దూరపు సైకిలు రైడ్లలో, 200 కిలోమీటర్లకు ఇచ్చే గడువు 13 గంటల 30 నిమిషాలు. తిండికీ, పంక్చర్లకూ, టీలకూ ఆగిన సమయం కూడా అందులోదే. లెక్కగడితే గంటకు 15 కిలోమీటర్లయినా కాదు. ఫ్రాన్సులో నాలుగేళ్ళకోసారి జరిగే ప్యారిస్–బ్రెస్ట్–ప్యారిస్ రైడు అంటే 1200 కిలోమీటర్లు, గరిష్ఠ గడువు 90 గంటలు. అక్కడా సగటు 13 పైచిలుకే. ఇంతకీ దూరం వెళ్ళేవాళ్ళకు తెలిసిన విద్య తక్కువసేపు ఆగడం. తమరి శిష్యులు మొదటి పది కిలోమీటర్లు 28లో కొట్టి, మిగతా పూటంతా టీకొట్టు బల్ల మీద గడుపుతారు.

గాలి కూడా తమరితో కుమ్మక్కయిందని మా అనుమానం. విశాఖలో ఆర్కే బీచ్ నుంచి భీమిలి పాతిక కిలోమీటర్లకు పైనే. వేసవిలో నైరుతి గాలి వీపును తోస్తుంటే, అదంతా తన పిక్కల సత్తా అనుకుంటాడు కొత్తవాడు. భీమిలిలో వెనక్కి తిరిగాక తెలుస్తుంది, పైగా ఎండెక్కేకొద్దీ గాలీ పెరుగుతుంది. హైదరాబాదులో జూన్, జులై నెలల్లో పడమటి గాలి. ముందు పడమరకు తొక్కి, గాలి తోడుగా ఇంటికి రావడం తెలివైన పని. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023 అక్టోబరులో తెరిచిన సోలార్ కప్పు ట్రాకు కొత్తవాళ్ళకు మంచి చోటు, లారీలూ లేవు, నెత్తిన ఎండా లేదు. కానీ తెరిచిన లెక్క ప్రకారం నార్సింగి నుంచి కొల్లూరు వైపు 14.5 కిలోమీటర్లు. చివరిదాకా వెళ్ళినవాడు మళ్ళీ అంతా తొక్కుకు రావాలి, మొత్తం 29. ఆ రోజు లెక్క 16 అయితే 8 దగ్గర తిరగాలి, ఒంట్లో ఎంత ఓపికున్నా సరే.

తిండి విషయంలో తమరి దాతృత్వం అపారం. పద్దెనిమిది కిలోమీటర్ల రైడుకు నెయ్యి దోసె, పూరీ, ఫిల్టర్ కాఫీ మంజూరు చేస్తారు. డెబ్బై కిలోల మనిషి తాపీగా గంట తొక్కితే ఖర్చయ్యేది 400 క్యాలరీల చుట్టుపక్కల. ఆ బల్ల మీద అంతకు మించే లేస్తుంది. గంటలోపు రైడుకు నీళ్ళు చాలు. గంటన్నర దాటేట్టయితే గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం పడాలి, ఒక మోస్తరు అరటిపండులో పాతిక దాకా ఉంటుంది. ఆకలేశాక తింటే ఆలస్యమైనట్టే. కాళ్ళలో సత్తువ ఉన్నట్టుండి జారిపోతుంది, చిన్న వంతెన కూడా కొండైపోతుంది. నీళ్ళు మన ఎండలకు గంటకు అర లీటరు నుంచి ముప్పావు. చెమట ధారగా కారే నెలల్లో ఒక సీసాలో ఓఆర్ఎస్ కలుపుకోవాలి. ప్యాకెట్ మీద లీటరని ఉంటే లీటరులోనే.

టైర్ల గాలి గురించి క్లుప్తంగా. పంక్చరు లేకున్నా ట్యూబు రెండు వారాల్లో గాలి కోల్పోతుంది. ఎంత ఉండాలో టైరు పక్కనే అచ్చు వేసి ఉంటుంది. తక్కువ గాలితో గుంతలో పడితే ట్యూబు రిమ్ముకూ రాయికీ మధ్య నలిగి పక్కపక్కనే రెండు చీలికలు పడతాయి. ఒకే చిల్లి ఉంటే ముల్లు. కొత్త ట్యూబు ఎక్కించే ముందు టైరు లోపలి అంచంతా వేలితో నెమ్మదిగా తడమాలి. లోపల విరిగి ఉన్న తుమ్మముల్లును తీయకపోతే కొత్త ట్యూబూ వంద మీటర్లలో తుస్సుమంటుంది. మరొకటి, సన్నటి ప్రెస్టా వాల్వుంటే బైకుల షాపు పైపు దానికి పట్టదు. చిన్న ఇత్తడి అడాప్టరు జేబులో ఉండాలి.

కాబట్టి అయ్యా, తమరిని ఊరు విడిచి పొమ్మని మేమనడం లేదు. తమరు లేకపోతే షాపు గుమ్మం ఎక్కేవాడే ఉండడు. కొన్ననాడు వచ్చి, హెల్మెట్, వెనక ఎర్ర లైటు, పంపు, స్పేరు ట్యూబు కూడా కొనిపించి, పదమూడు వారాలు సెలవు తీసుకోండి. యాభై పూర్తయిన నాడు కబురు పెడతాం. రెండు అరటిపళ్ళతో రండి, ఫొటో మీరే తీయండి.

ఇట్లు,
మోకాళ్ళు వగైరా

తా.క.: అదే సాయంత్రం 200 కిలోమీటర్ల బ్రెవేకు పేరిప్పించడానికి తమరు ఫారం సిద్ధం చేసుకున్నారని తెలిసింది. అది మా దగ్గరే ఉంచుకుంటున్నాం. 70 ఒకసారి, 100 రెండుసార్లు అయ్యాక తిరిగి ఇస్తాం.