‘మోషన్ కంట్రోలర్ దండగ’ అనే ప్రచారం ఎందుకు తప్పు

చిన్న సీఎన్‌సీ రౌటర్లను (కంప్యూటర్ ఆదేశాలతో చెక్కను కోసే యంత్రాలను) సొంతంగా తయారు చేసుకునేవారి వాట్సాప్ గ్రూపుల్లో మోషన్ కంట్రోలర్ గురించి, అంటే యంత్రపు మోటార్లను అడుగు అడుగునా కదిలించే విద్యుత్ సంకేతాలు (పల్సులు) ఇచ్చే చిన్న బోర్డు గురించి, ఒక వాదన చాలాకాలంగా తిరుగుతోంది. దాని సారాంశం ఇది: ‘మన బల్ల మీదున్న 3 గిగాహెర్ట్జ్ కంప్యూటర్ ముందు 16 మెగాహెర్ట్జ్ చిప్ ఏపాటిది? మోషన్ కంట్రోలర్ కొనడం దండగ, మోటార్లకు పల్సులు కంప్యూటరే ఇవ్వగలదు. ఒకవేళ కంట్రోలర్ ఉన్నా పది లైన్ల పైథాన్ ప్రోగ్రాం చాలు: ఒక లైను ఆదేశం పంపాలి, కాసేపు ఆగాలి, మరో లైను పంపాలి. ఓకే అని జవాబు వస్తే పని అయిపోయినట్టే. ఆపాలంటే తెర మీద స్టాప్ బటన్ ఉంటే సరిపోతుంది.’ ఈ యంత్రాల మీద పాలిటెక్నిక్ విద్యార్థులకు శిక్షణ ఇచ్చేవాణ్ణి కాబట్టి, ఈ మాటలు నమ్మి మంచి టేకు చెక్కలు పాడుచేసుకున్న పిల్లలను చూశాను కాబట్టి, ఒక్కో మాటకూ జవాబు చెప్పడం నా బాధ్యత అనుకుంటున్నాను.

మొదటి మాట వేగం గురించి. ఒక మామూలు లెక్క వేసి చూద్దాం. చుట్టుకు 200 అడుగులు వేసే స్టెప్పర్ మోటారును ఒక్కో అడుగును 16 చిన్న అడుగులుగా (మైక్రోస్టెప్పులుగా) విడగొట్టి నడిపితే చుట్టుకు 3,200 పల్సులు కావాలి. మోటారు తిప్పే స్క్రూ ఒక చుట్టు తిరిగితే యంత్రపు బల్ల 5 మిల్లీమీటర్లు జరుగుతుందనుకుంటే, మిల్లీమీటరుకు 640 పల్సులు పడతాయి. నిమిషానికి 1,500 మిల్లీమీటర్ల వేగంతో కోయాలంటే సెకనుకు 16,000 పల్సులు, అంటే ప్రతి 62.5 మైక్రోసెకన్లకు ఒకటి, వేళ తప్పకుండా వెళ్లాలి. విండోస్‌లో మామూలు టైమర్ టిక్కు సుమారు 15.6 మిల్లీసెకన్లు, మన ప్రోగ్రాం ఒక్క టిక్కు పాటు పక్కన కూర్చుంటే 250 పల్సుల వేళ దాటిపోతుంది. పూర్తి వేగంతో తిరుగుతున్న మోటారుకు పల్సులు హఠాత్తుగా ఆగి, మళ్లీ అదే వేగంతో మొదలైతే రోటరు (మోటారులో తిరిగే భాగం) వాటిని అందుకోలేక అడుగులు తప్పుతుంది. ఎంత తిరిగిందో కొలిచి చెప్పే ఎన్‌కోడర్ లేని స్టెప్పర్ కాబట్టి ఆ తప్పు ఎవరికీ తెలియదు. అక్కడి నుంచి చెక్కడమంతా పక్కకు జరిగిపోతుంది. కంప్యూటర్ సగటున ఎంత వేగంగా లెక్క కడుతుందన్నది ఇక్కడ ప్రశ్న కాదు, ఒక్క పల్సు కూడా ఆలస్యం కాకుండా చూడగలదా అన్నదే ప్రశ్న. ఆ 16 మెగాహెర్ట్జ్ చిప్‌కు వేరే పని లేదు. హార్డ్‌వేర్ టైమర్ పిలిచిన ప్రతిసారీ పల్సు ఇవ్వడమే దాని పని. ఆ చిప్ ఉండే ఆర్డుయినో ఊనో అనే చిన్న బోర్డులో ఉన్నది 2 కిలోబైట్ల ర్యామ్ మాత్రమే, అయినా జీఆర్‌బీఎల్ అనే మోషన్ కంట్రోల్ ప్రోగ్రాం దాని మీద సెకనుకు 30,000 పల్సుల వరకు నిలకడగా ఇస్తుంది.  

ఈ వాదనలో ఒక పాలు నిజం ఉందని ఒప్పుకోవాలి. లినక్స్‌సీఎన్‌సీ అనే ప్రోగ్రాం పాతకాలపు పారలల్ పోర్టు ద్వారా కంప్యూటర్ నుంచే పల్సులు ఇస్తుంది. కానీ అది ప్రతి పనీ వేళకు జరిగేలా చూసే రియల్‌టైమ్ కెర్నల్ మీద నడుస్తుంది, పైగా ఆ కంప్యూటర్‌లో లేటెన్సీ (ఆలస్యం) ఎంతుందో ముందు పరీక్షించుకోమంటుంది. దాన్ని చూపించి మామూలు ల్యాప్‌టాప్, యూఎస్‌బీ వైరు చాలనడం సరికాదు.

ఇక ‘లైను పంపు, కాసేపు ఆగు’ అన్న సలహా. పోయిన ఏడాది ఒక విద్యార్థి 60 మిల్లీమీటర్ల వ్యాసం గల వృత్తం కోసి తెచ్చాడు. అంచు పొడవునా దగ్గరదగ్గరగా నల్లటి చుక్కలు, వేలితో తడిమితే చిన్న చిన్న గుంటలు. కోసే బిట్టు మొద్దుబారిందనుకున్నాడు, కానీ తప్పు ప్రోగ్రాంలో ఉంది. గీసిన బొమ్మను యంత్రపు ఆదేశాలుగా మార్చే క్యామ్ సాఫ్ట్‌వేర్ ఆ వృత్తాన్ని 0.2 మిల్లీమీటర్ల ముక్కలుగా విడగొట్టింది. అతని వేగానికి ఒక్కో ముక్క 8 మిల్లీసెకన్ల పని. ప్రోగ్రాం మాత్రం లైనుకు, లైనుకు మధ్య 100 మిల్లీసెకన్లు ఆగుతోంది. అంటే దాదాపు 940 చోట్ల యంత్రం నిలబడింది, బిట్టు అక్కడే తిరుగుతూ చెక్కను కాల్చింది. జీఆర్‌బీఎల్‌లో కదలికలను వరుసలో పెట్టుకునే ప్లానర్ అనే భాగం 16 కదలికల వరకు ముందుచూపుతో లెక్క వేసి మలుపుల దగ్గర వేగం సర్దుతుంది, కానీ ఆ వరుసలో (బఫర్‌లో) ఎప్పుడూ కదలికలు ఉంటేనే అది సాధ్యం. కాబట్టి కంప్యూటర్ ప్రోగ్రాం రాసేవాడి అసలు పని ఆ బఫర్ ఖాళీ కాకుండా చూడడం: పంపిన అక్షరాల్లో ఇంకా జవాబు రానివి ఎన్నో లెక్కపెట్టుకుంటూ, వచ్చిన అక్షరాలను కంట్రోలర్ దాచుకునే సీరియల్ బఫర్ సామర్థ్యమైన 128 దాటకుండా ముందుగానే పంపుతూ ఉండాలి. డాలర్ గుర్తుతో సెట్టింగులు మార్చే లైన్లను మాత్రం ఒక్కొక్కటిగా, జవాబు వచ్చాకే పంపాలి, ఎందుకంటే సెట్టింగులను నిలువ ఉంచే ఈఈప్రామ్ మెమరీలో రాస్తున్నంతసేపూ వచ్చే అక్షరాలు పోయే ప్రమాదముంది. నిజంగా కాసేపు ఆగవలసిన చోటు ఒకటుంది: పోర్టు తెరవగానే ఊనో రీసెట్ అవుతుంది కాబట్టి, అది లేచి పలకరించేదాకా రెండు సెకన్లు ఓపిక పట్టాలి.

‘ఓకే’ గురించి చెప్పింది మరింత ప్రమాదకరం. కదలిక లైనుకు ఓకే వచ్చిందంటే ఆ లైను అర్థమై ప్లానర్‌లో చేరిందని మాత్రమే. యంత్రం ఇంకా పదిహేను కదలికల వెనక ఉండవచ్చు. బిట్టును తిప్పే స్పిండిల్‌ను విడిగా యూఎస్‌బీ రిలేతో (కంప్యూటర్ నడిపే స్విచ్చితో) నడుపుతూ, చివరి ఓకే రాగానే ఆపేస్తే, బిట్టు చెక్కలో ఉండగానే స్పిండిల్ ఆగిపోతుంది, బిట్టు విరుగుతుంది. అదే స్పిండిల్ ఆపమనే ఎం5 ఆదేశాన్ని కంట్రోలర్‌కే పంపితే, అది ముందున్న కదలికలన్నీ ముగిశాకే స్పిండిల్‌ను ఆపుతుంది. పని ముగిసిందో లేదో ప్రోగ్రాంకు తెలియాలంటే ప్రశ్నార్థకం పంపి స్థితి ఐడిల్ (ఖాళీ) అయిందా అని చూడాలి. ఆ జవాబులో కనిపించే స్థానం కూడా కంట్రోలర్ ఆదేశించిన స్థానమే, కొలిచి చెప్పింది కాదు.

చివరిది స్టాప్ బటన్. ఆశ్చర్యార్థకం పంపితే జీఆర్‌బీఎల్ బఫర్‌తో నిమిత్తం లేకుండా వెంటనే వేగం తగ్గించి ఆగుతుంది, అది మంచి సదుపాయమే. కానీ స్పిండిల్ పుట్టించే విద్యుత్ అలజడికి యూఎస్‌బీ సంబంధం తెగిపోతే, ల్యాప్‌టాప్ బిగుసుకుపోతే ఆ గుర్తు యంత్రందాకా చేరదు, బఫర్‌లో మిగిలిన కదలికలు మాత్రం నడిచిపోతాయి. అత్యవసర ఆపుదల మిగతా అన్ని పనుల కంటే పైన ఉండాలని ఐఎస్ఓ 13850 అనే అంతర్జాతీయ ప్రమాణం చెబుతుంది. అందుకే మా ల్యాబ్‌లో ఎర్రటి పుట్టగొడుగు ఆకారపు అత్యవసర బటన్ వైరు కంప్యూటర్‌కు వెళ్లదు. అది నేరుగా స్పిండిల్‌కూ మోటార్ డ్రైవర్లకూ కరెంటు ఇచ్చే కాంటాక్టర్ (పెద్ద విద్యుత్ స్విచ్చి) కాయిల్‌కు వెళ్తుంది, నొక్కగానే కాంటాక్టు విడిపోయి కరెంటు తెగిపోతుంది.